కొండెక్కి... మునకేస్తే!

ఎక్కడైనా మునగాలంటే కిందికి దిగాలి. టిటికాకాలో మునగాలంటే ముందు పైకెక్కాలి. అదీ ఎంతో కొంత కాదు, సుమారుగా తిరుమల కొండకి నాలుగింతలు! దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాల మధ్య, ఆండీస్ పర్వతాల నడుమ, సముద్ర మట్టానికి 3,812 మీటర్ల ఎత్తున పరుచుకుని ఉంటుందీ సరస్సు. విస్తీర్ణం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. లోతు కొన్నిచోట్ల 280 మీటర్లు. ఒడ్డున నిలబడితే చాలాచోట్ల అవతలి గట్టు కనిపించదు. నీలి నీళ్లు, ఒడ్డుని కొట్టే అలలు, దూరంగా తెరచాప పడవలు... అచ్చం సముద్రంలాగే ఉంటుంది.

స్కూబా డైవర్లని బోల్తా కొట్టించేది ఆ పోలికే.

విశాఖ రుషికొండ దగ్గరో, అండమాన్‌లోనో డైవింగ్ కోర్సు చేసి, చేతికి కార్డు వచ్చినవాళ్లకి సహజంగానే ఓ సందేహం వస్తుంది. నీళ్లెక్కడైనా నీళ్లే కదా! సముద్రంలో పద్దెనిమిది మీటర్లు దిగినవాడికి సరస్సులో పది మీటర్లు ఓ లెక్కా? దానికి మళ్లీ ప్రత్యేక శిక్షణ ఎందుకు? మైదానంలో కారు నేర్చుకున్నవాడు పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కేముందు వేసుకోవాల్సిన ప్రశ్న లాంటిదే ఇది. కారు అదే, స్టీరింగూ అదే. దారే వేరు.

గోలీసోడా లెక్క

సముద్రం ఒడ్డున నిలబడినప్పుడు తలమీదున్న గాలి ఒత్తిడిని ఒక 'వంతు' అనుకుందాం. నీళ్లలో పది మీటర్లు దిగితే ఇంకో వంతు కలుస్తుంది. అంటే ఒత్తిడి రెట్టింపు. ఇరవై మీటర్లు దిగితే మూడింతలు. ఆ ఒత్తిడిలో సిలిండర్ గాలి పీల్చే డైవరు ఒంట్లో, ఆ గాలిలోని నత్రజని కొంచెం కొంచెంగా రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే అది వచ్చిన దారినే ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. హడావుడిగా వస్తేనే చిక్కు. గోలీసోడా కొట్టినప్పుడు ఏం జరుగుతుంది? గోలీ లోపలికి దిగగానే అప్పటిదాకా కనపడని గ్యాసు బుడగలై బుస్సున పొంగుతుంది. ఒంట్లోనూ అంతే. ఆ బుడగలు కీళ్లలో చేరితే భరించలేని నొప్పి, వెన్నుపాములో చేరితే కాళ్లు చచ్చుబడిపోతాయి, మరీ విషమిస్తే ప్రాణమే పోతుంది. డైవర్లు 'బెండ్స్' అని భయపడేది దీనికే.

దీనికి మొదటిసారి పద్ధతిగా లెక్క కట్టినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నౌకాదళం అడిగితే మేకల్ని ఒత్తిడి గదుల్లో పెట్టి పరీక్షలు చేసి, ఎంత లోతుకి వెళ్లినవాడు ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో 1908లో పట్టికలు అచ్చు వేయించాడు. ఒత్తిడి సగానికి తగ్గేవరకు ఒళ్లు ఓర్చుకుంటుంది, అంతకుమించితే బుడగలొస్తాయన్నది ఆయన సూత్రం. 1906లో తన పదమూడేళ్ల కొడుకుని కూడా ఈ పరీక్షల కోసం నీళ్లలోకి దింపాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌గా పేరు తెచ్చుకుని, మన దేశానికొచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాత వచ్చిన పట్టికలు హాల్డేన్ సూత్రాన్ని చాలానే సవరించాయి. కానీ ఒక్క సంగతి మాత్రం చాలావాటిలో ఉండిపోయింది. డైవరు పైకొచ్చి తేలేది సముద్రం మీదే అన్న నమ్మకం.

టిటికాకాలో తేలే చోట ఒక వంతు గాలి లేదు. 0.63 వంతే ఉంది. మిగతా గాలంతా ఎక్కొచ్చిన కొండ కిందే ఉండిపోయింది. దాంతో లెక్కంతా తిరగబడుతుంది. ఒత్తిడి రెట్టింపు కావడానికి సముద్రంలో పది మీటర్లు దిగాలి, ఇక్కడ ఆరున్నర మీటర్లు చాలు. టిటికాకాలో పద్దెనిమిది మీటర్లు దిగి పైకి రావడమంటే, ఒంటికి సంబంధించినంతవరకు సముద్రంలో ఇరవై ఎనిమిది మీటర్లు దిగి వచ్చినట్టు. డైవర్లు దీన్నే 'సమాన లోతు' అంటారు. సరదాకి డైవింగ్ చేసేవాళ్లు వాడే ప్యాడి సంస్థ పట్టిక ప్రకారం పద్దెనిమిది మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండొచ్చు. ఇరవై ఎనిమిదికి ఆ పట్టికలో విడిగా గడి లేదు, ముప్ఫై మీటర్ల గడి చూసుకోవాలి. అక్కడ ఉన్న గడువు 20 నిమిషాలు! పట్టిక ఒకటే, నీళ్లూ నీళ్లే, మనిషీ ఒకడే. సరస్సు ఎత్తు తెలియక 56 నిమిషాలూ నిశ్చింతగా కప్పల్ని చూస్తూ కూర్చున్నవాడి గతేమిటి?

ఇంకో మెలిక ఉంది. ఈ సవరణ చేసినా ఆ పట్టిక 3,000 మీటర్ల ఎత్తు వరకే పనికొస్తుంది. టిటికాకా అంతకన్నా 800 మీటర్లు పైనుంది. అక్కడికి వేరే పట్టికలే కావాలి.

మునక్కముందే మునిగినట్టు

పెరూ రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది. పొద్దున్నే అక్కడ విమానం ఎక్కితే గంటన్నరలో జులియాకాలో దించుతుంది. అక్కడి నుంచి సరస్సు ఒడ్డునున్న పునో పట్టణానికి రోడ్డు దారి. మధ్యాహ్నానికల్లా సరస్సు ముందుంటాడు డైవరు. చేతిలో సామాను, కళ్లముందు నీళ్లు. దిగిపోవచ్చుగా?

కూడదు. లిమాలో ఉన్నప్పుడు అతని ఒంట్లో కరిగి ఉన్న నత్రజని అక్కడి గాలికి సరిపడా ఉంది. పైకొచ్చేసరికి అది ఎక్కువైపోయింది. అంటే ఒక్క చుక్క నీళ్లు తగలకుండానే, అప్పుడే ఒకసారి మునిగి వచ్చినవాడితో సమానం! ఆ నత్రజని పోయేదాకా ఆగాలి. ఆరు గంటలు చాలని కొందరంటే, పన్నెండు గంటలు ఆగాలని అమెరికా నౌకాదళం అంటుంది. ఇంత ఎత్తులో అయితే ఒకటి రెండు రోజులు ఊరు చూస్తూ గడపడమే తెలివైన పని.

ఊరు చూసే ఓపిక ఉంటే! తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం... పల్లం నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి మొదటి రోజుల్లో ఇవి తప్పవు. స్థానికులు దీన్ని 'సొరోచే' అంటారు. హోటల్లో అడుగు పెట్టగానే కోకా ఆకులు వేసిన వేడినీళ్లు చేతిలో పెడతారు. ఈ ఎత్తులో నీళ్లు 87 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి మన పప్పూ అన్నం అక్కడ కుక్కరు లేకుండా ఉడికించాలంటే వంటావిడ సహనానికి పరీక్షే. సొరోచేతో వచ్చిన అసలు తంటా వేరే ఉంది. తలనొప్పి, నీరసం, కళ్లు తిరగడం బెండ్స్‌లోనూ వస్తాయి. నీళ్లలోంచి వచ్చినవాడికి తల తిరిగితే అది కొండ వల్లా, మునక వల్లా? సముద్రం ఒడ్డున ఈ అనుమానమే రాదు. ఇక్కడ 'ఎత్తు వల్లేలే, పడుకుంటే పోతుంది' అని సరిపెట్టుకుంటే విలువైన గంటలు గడిచిపోతాయి.

సూది అబద్ధం చెబితే...

లోతు చూపించే పాతకాలపు మీటర్లలో నూనె నింపి సీలు వేసిన రకం ఒకటుంది. దాన్ని తయారుచేసింది సముద్రం లెక్కతో. టిటికాకా ఒడ్డుకి తెస్తే దాని సూది సున్నా కన్నా కిందికి పడి ఉంటుంది. నీళ్లలో దాదాపు నాలుగు మీటర్లు దిగాకే సున్నాకొస్తుంది. అంటే పద్దెనిమిది మీటర్ల దగ్గర సుమారు పద్నాలుగే అంటుంది. అసలే ఎక్కువగా లెక్కేసుకోవాల్సిన లోతుని తక్కువ చేసి చూపించడమంటే నిద్రపోయేవాడికి జోలపాడినట్టే.

మరి ఇప్పుడు అందరి మణికట్టు మీదా కంప్యూటర్లే కదా? అవును, చాలావాటికి ఎత్తుని గుర్తుపట్టే తెలివి ఉంది. కొన్నింటికి మాత్రం 'ఇప్పుడు కొండమీదున్నాం' అని మనమే మీట నొక్కి చెప్పాలి. పైగా చాలా మోడళ్లు 3,000 మీటర్ల దగ్గరే చేతులెత్తేస్తాయి. కొనేటప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఆ ముక్క ఎక్కడో ఒక మూల ఉంటుంది. ఆ పుస్తకం చదివేవాళ్లెవరు!

బరువుల లెక్కా మారిపోతుంది. మంచినీళ్లు ఉప్పునీళ్లంత బాగా మనిషిని తేల్చవు కాబట్టి నడుముకి కట్టుకునే సీసం బరువులు కొన్ని తీసేయాలి. అలాగని సముద్రంలో అలవాటైన లెక్క నుంచి తీసేస్తే సరిపోదు. ఒంటికి వేసుకునే రబ్బరు సూట్లోని గాలి బుడగలు పల్చటి గాలిలో ఉబ్బి, సూటే మనిషిని తేలుస్తుంది. నీళ్లు పది నుంచి పద్నాలుగు డిగ్రీల చలి కాబట్టి సూటు మందంగా ఉండక తప్పదు. ఎంత బరువు పెట్టుకోవాలో అక్కడ దిగి చూసుకోవాల్సిందే. పైకొచ్చే వేగమూ అంతే. నిమిషానికి పద్దెనిమిది మీటర్లు దాటకూడదని సముద్రానికి చెప్పిన పట్టికే, కొండ సరస్సుల్లో తొమ్మిది మీటర్లు దాటొద్దంటుంది.

నీళ్లలో ఉన్నంత సుఖం

అన్నింటికన్నా వింతైన సంగతి ఊపిరి. టిటికాకా మీద పడవలో కూర్చున్నవాడికి అందే ప్రాణవాయువు సముద్రం ఒడ్డున దొరికేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా లేదు. అదే మనిషి నాలుగు మీటర్లు మునిగితే సిలిండర్లోంచి అందే గాలి సరిగ్గా విశాఖ బీచిలో పీల్చినంత! ఇంకా దిగితే ఇంకా ఎక్కువ. పడవలో రొప్పినవాడు నీళ్లలోకి వెళ్లగానే చేపలా హుషారైపోతాడు. తలనొప్పి కూడా తగ్గినట్టుంటుంది. ఆ హుషారులో గంటసేపు ఈది, పైకొచ్చి, నోట్లోంచి గొట్టం తీసి, వీపున ఇరవై కిలోల బరువుతో పడవ నిచ్చెన ఎక్కబోతాడు. అప్పుడు ఒక్కసారిగా గాలి చాలదు. కాళ్లు తేలిపోతాయి, కళ్లముందు చీకట్లు. అందుకే పైకొచ్చాక కూడా కాసేపు సిలిండర్ గాలే పీల్చాలి, బరువులు నీళ్లలోనే విప్పి పడవలోవాళ్లకి అందించాలి, నిచ్చెన నెమ్మదిగా ఎక్కాలి. వినడానికి చిన్న విషయాలే. సముద్రంలో వంద మునకలు వేసినవాడికైనా ఎవరో చెబితే తప్ప తట్టనివి.

బంగారం కోసం వెళ్తే కప్పలు

ఇంత అవస్థ పడి అక్కడ మునగడం ఎందుకు? కారణాలు లేకపోలేదు. స్పెయిన్ వాళ్లు దండెత్తి వచ్చినప్పుడు ఇంకాలు తమ బంగారాన్ని ఈ సరస్సులో పడేశారని ఒక కథ. ప్రఖ్యాత ఫ్రెంచి డైవరు జాక్ కూస్తో 1968లో రెండు బుల్లి జలాంతర్గాములు వెంటేసుకుని వచ్చాడు. బంగారం దొరకలేదు. కప్పలు దొరికాయి! ఊపిరితిత్తులు పేరుకే ఉండి, ముడతలు ముడతలుగా వేలాడే చర్మంతోనే నీళ్లలోంచి ప్రాణవాయువు తీసుకునే టిటికాకా కప్ప. గాలి చాలనప్పుడు అడుగున బస్కీలు తీసినట్టు పైకీ కిందికీ ఊగి, చర్మం మడతల్లోకి కొత్త నీళ్లు తెచ్చుకుంటుంది. పల్చటి గాలితో అవస్థ పడే డైవర్లకి ఇంతకన్నా గురువెవరు? పాపం, వాటి సంఖ్య బాగా పడిపోయింది. పట్టి రసం తీసి తాగేవాళ్లు కొందరైతే, సరస్సులో కలిసే మురుగు చేసే చేటు ఇంకొంత. 2016లో ఒక్క పెరూ వైపే వేలకొద్దీ చచ్చి తేలాయి.

నిజమైన నిధి 2013లో బయటపడింది. సరస్సు మధ్యలో 'సూర్యుడి దీవి' ఉంది. దానికి దగ్గర్లో నీటి అడుగునున్న ఖోవా దిబ్బ మీద బెల్జియం, బొలీవియా పరిశోధకులు తవ్వారు. ఇంకాలకి ముందు ఆ ప్రాంతాన్నేలిన తివనాకు ప్రజలు పన్నెండు వందల ఏళ్ల నాడు సరస్సుకి సమర్పించిన కానుకలు దొరికాయి. ప్యూమా ముఖాలతో మట్టి ధూపపాత్రలు, బంగారు రేకులు, బలిచ్చిన లామా పిల్లల ఎముకలు, ఎక్కడో ఈక్వెడార్ వెచ్చని సముద్రం నుంచి తెచ్చిన ముళ్ల ఆల్చిప్పలు. దిబ్బ పక్కనే లంగర్లు కూడా. అంటే పడవలో వెళ్లి, నీళ్ల మీద నుంచే జారవిడిచారన్నమాట. కృష్ణా గోదావరుల్లో పసుపూ కుంకుమా వేసే మనవాళ్లకి అదేమీ వింతగా అనిపించదు. ఆ వివరాలు 2019లో శాస్త్ర పత్రికలో వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ఇంకో దిబ్బ దగ్గర, అయిదున్నర మీటర్ల లోతున దొరికిన రాతి పెట్టె గురించి రాశారు. ఇంకాల కాలానిది. లోపల ఆల్చిప్పతో చెక్కిన బుల్లి లామా, చుట్టిన బంగారు రేకు. అయిదారు మీటర్లంటే సముద్రంలో పిల్లల ఆట. ఇక్కడ మాత్రం ఒత్తిడి దాదాపు రెట్టింపయ్యే లోతది.

నేర్చుకోవాలా, అక్కర్లేదా?

సముద్ర మట్టానికి 300 మీటర్లు దాటిన ఏ నీళ్లనైనా 'ఎత్తు డైవింగ్' కిందే లెక్కేయమని శిక్షణ సంస్థలు చెబుతాయి. దానికి ప్రత్యేక కోర్సులున్నాయి. కొంత పాఠం, రెండు మునకలు. అమెరికాలో 1,897 మీటర్ల ఎత్తునున్న టాహో సరస్సు, స్విట్జర్లాండ్ కొండ చెరువులూ ఇలాంటివాటికి పేరుపడ్డాయి. కొండలే ఇల్లైన స్విస్ వాళ్లకి ఈ లెక్క పట్టడం సహజమే. జ్యూరిచ్ వైద్యుడు ఆల్బర్ట్ బూల్‌మాన్ దశాబ్దాలపాటు పనిచేసి ఎత్తుని కూడా లెక్కలోకి తీసుకునే సూత్రాలు తయారుచేశాడు. 1987లో వాటితో టిటికాకాలో మునిగి చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ డైవర్ల చేతికున్న చాలా కంప్యూటర్ల లోపల నడిచేది ఆయన లెక్కే.

రెండు మునకల కోర్సు టాహో లాంటి చోటికి సరిపోవచ్చు. టిటికాకాకి అది ఓనమాలు మాత్రమే. సముద్ర తీరం లేని బొలీవియాకి నౌకాదళం ఉందంటే నవ్వుకునేవాళ్లున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో చిలీతో యుద్ధంలో తీరం పోగొట్టుకున్నా, ఆ దేశం తర్వాత సరస్సు మీద నౌకాదళం పెట్టుకుంది. తికినా జలసంధి దగ్గర ఎత్తు ప్రాంతపు డైవింగ్ నేర్పేది వాళ్లే. ఆ నీళ్ల సంగతి తెలిసినవాళ్ల వెంట దిగడం వేరు, టాహో కార్డు జేబులో పెట్టుకుని సొంతంగా దిగడం వేరు.

తికినాలో ఇంకో తమాషా ఉంది. కోపకబానా నుంచి పాలనా రాజధాని లా పాజ్‌కి వెళ్లే బస్సుల్ని అక్కడ చెక్క బల్లకట్ల మీద దాటిస్తారు. ప్రయాణికులు దిగి చిన్న పడవలో వెళ్తారు. అవతల బస్సెక్కితే ఎల్ ఆల్టో మీదుగా లా పాజ్. ఆ ఎల్ ఆల్టో 4,000 మీటర్ల పైన ఉంది. అంటే సరస్సులో మునిగినవాడు పట్నం చేరాలంటే ముందు ఇంకాస్త పైకెక్కాలి! ఒంట్లో నత్రజని మిగిలి ఉంటే, నీళ్లలో జరగని ప్రమాదం బస్సులో జరగొచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్లే దారే జబ్బుని పెంచే దారి కావడం మరీ ఘోరం.

మన ఘాట్ రోడ్డు సంగతి

ఇదంతా మనకెందుకు అనుకోవచ్చు. నిజమే, నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. శ్రీశైలం 885 అడుగులు, 270 మీటర్లు. రెండూ 300 మీటర్ల గీతకి దిగువే. హైదరాబాద్ మాత్రం 500 మీటర్లు దాటింది కాబట్టి, పుస్తకం ప్రకారం అక్కడి ఈతకొలను కూడా ఎత్తు కిందే లెక్క. మూడు మీటర్ల కొలనుకి ఎవరూ ఆ లెక్కలు చూడరనుకోండి.

మనవాళ్లకి పనికొచ్చేది బస్సు సంగతి. సెలవులకి విశాఖ వచ్చినవాళ్లు పొద్దున్న రుషికొండలో డైవింగ్ చేసి, భోంచేసి, మధ్యాహ్నం కారులో అరకు బయల్దేరతారు. మూడు నాలుగు గంటల్లో 900 మీటర్ల పైకి చేరతారు. బొలీవియా బస్సు ప్రయాణికుడు చేసేదీ ఇదే. విమానాల్లో, కొండల మీద 2,000 అడుగులు దాటి వెళ్లేవాళ్లకి డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే లెక్క ఒకటుంది. ఒక్క మునకే వేస్తే కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడు వేసినా, వరుసగా రోజులు వేసినా 18 గంటలు ఆగాలి. అరకు సుమారు 3,000 అడుగులు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఆఖరి రోజు దాకా డైవింగ్ చేసి, మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కే కుటుంబాలకీ ఇదే వర్తిస్తుంది. నిర్వాహకుల్లో ఈ సంగతి చెప్పేవాళ్లు ఉంటారు, చెప్పనివాళ్లూ ఉంటారు. అడగడం మన పని.

విశాఖ వెళ్లేవాళ్లయితే మరీ సులువు. ముందు అరకు, ఆ తర్వాత సముద్రం పెట్టుకుంటే సరి.